బువ్వ తినని కాలు

మగ్గం ఆగి యాభై రోజులు దాటినా, సత్తయ్య పొద్దున్నే స్నానం చేసి దాని గుంటలోకి కాళ్లు దించి కూర్చోవడం మాత్రం మానలేదు. ముందుగా మెత్తని బట్టతో పడుగు మీది దుమ్ము దులిపేవాడు. తర్వాత తెగిన పోగుల కోసం ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా వేళ్లతో తడుముతూ వెతికేవాడు. నేత నడవని మగ్గంలో పోగులు ఎందుకు తెగుతాయి? అయినా వెతికేవాడు. ఆ పని అయ్యాక సగం నేసిన గుడ్డ మీద రెండు అరచేతులూ ఆనించి, మల్లమ్మ బువ్వకు పిలిచేదాకా అలాగే ఉండేవాడు.

"కోడి పొదిగినట్టు పొదుగుతుండు మీ నాయిన," అనేది మల్లమ్మ కూతురితో. "పిల్లలెప్పుడు లేస్తయో ఏమో."

స్రవంతి నవ్వేది కాదు. తండ్రికి ఎడమ పక్కన ఆమె కూర్చునే పీట కూడా ఖాళీగానే ఉంది. గద్వాల నేతకు ఇద్దరు కావాలి. నడుమ నూలు, అంచుకు పట్టు. అడ్డపోగు నడిచిన ప్రతిసారీ నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. నడిమి నాడె సత్తయ్య విసిరితే, అంచు నాడె స్రవంతి పంపేది. డిగ్రీ అయిపోయిన నాలుగేళ్లుగా అదే ఆమె పని. ఇప్పుడు అన్నం తింటున్నప్పుడూ బట్టలు ఆరేస్తున్నప్పుడూ ఆమె కుడిచెయ్యి ఉన్నట్టుండి ముందుకు కదిలేది. లేని నాడెను అందుకోబోయి ఆగిపోయేది.

సగంలో నిలిచిన ఆ గుడ్డ చీర కాదు, మెడకు చుట్టుకునే పొడవాటి కండువా. అమెరికాలో దాన్ని స్టోల్ అంటారని రాఘవేంద్ర చెప్పాడు. "పైటంత గూడ లేదు, దీనికొక పేరు," అంది మల్లమ్మ మొదటిసారి చూసి. రాఘవేంద్ర ఆ వీధిలో ఇరవై రెండు మగ్గాలకు నూలూ పట్టూ ఇచ్చి, నేసిన గుడ్డను అమెరికాలోని ఒక దుకాణానికి పంపేవాడు. రెండేళ్లు బాగానే నడిచింది. ఇంతలో అమెరికా ప్రభుత్వం మన సరుకు మీద సుంకం పెంచింది. వారం తిరక్కుండానే దుకాణం నడిపే ఆమె నుంచి రెండు ముక్కల ఉత్తరం వచ్చింది, మళ్లీ చెప్పేదాకా ఆపమని. ఇరవై రెండు మగ్గాలు ఒకే రోజు నోరు మూసుకున్నాయి. చీరల పని ఇచ్చేవాళ్లకు ఎవరి మగ్గాలు వాళ్లకున్నాయి. నడుమ పోయి అడిగినవాడికి వరసలో ఆఖరి చోటే. పైగా పడుగు కోసేశాక ఆర్డరు తిరిగొస్తే? ఆ 'వస్తే' కోసమే అందరూ ఎదురుచూస్తున్నారు.

స్రవంతి ఫోనులో ఒక ఫోటో ఉంది. నిరుడు దుకాణం ఆమె పంపితే రాఘవేంద్ర చూపించాడు, స్రవంతి అడిగి తన ఫోనులోకి తెప్పించుకుంది. మంచు కురుస్తున్న ఏదో బస్సు స్టాపు. నెరిసిన జుట్టు ఆడమనిషి ఒకామె చలికి భుజాలు ముడుచుకుని నిలబడి ఉంది. మెడ చుట్టూ మామిడిపిందెల అంచు. ఆ అంచు తన చేతి మీదుగా పోయిందని స్రవంతికి తెలుసు. ఆ ఆడమనిషికే తెలియదు. రోజుకొకసారైనా ఆ ఫోటో తీసి చూసేది. ఈ ఏడు చలికి ఆ మనిషి మెడకు ఏం చుట్టుకుంటుందో అనుకునేది. నీకు నేసింది మేమేనని ఒక్క మాట చెప్పే దారి ఉంటే బాగుండు అనుకునేది.

*

దసరాకు వారం ముందు, ఒక బుధవారం రాఘవేంద్ర కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. వీపు మీద సంచి, చేతిలో కెమెరా స్టాండు. చెప్పులు గడప బయటే విడిచి వచ్చాడు.

"ఈ సార్ పేరు శ్రీనాథ్ కాకా. హైదరాబాదుల ఉంటడు," అన్నాడు రాఘవేంద్ర. "మన స్టోళ్ల దుకాణమామె ఉన్నది సూడు, అసొంటి దుకాణాలోళ్లంత కలిసి అమెరికాల ఒక సంఘం పెట్టుకున్నరు. ఆ సంఘం మనిషి."

శ్రీనాథ్ చాప మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "చేనేతకు ఈ సుంకం వద్దని మా సంఘం అడుగుతోంది అంకుల్. వాషింగ్టన్‌లో మా తరఫున ఒకావిడ ఉంది. ఆమె ఉద్యోగమే అది. చట్టసభ సభ్యుల ఆఫీసులకు వెళ్తుంది, వాళ్ల కింద పనిచేసేవాళ్లను కలుస్తుంది, కాగితాలిస్తుంది, మళ్లీ వెళ్తుంది."

"పైరవీ చేస్తదా?" అన్నాడు సత్తయ్య.

రాఘవేంద్ర దగ్గాడు. శ్రీనాథ్ మాత్రం నవ్వాడు. "అలాంటిదే అంకుల్. కాకపోతే అక్కడ చాటుగా కాదు. ఎవరి తరఫున తిరుగుతున్నారో పేరు రాయించుకోవాలి."

"పైరవీకి రిజిస్టరా," అంది మల్లమ్మ కండె చుట్టడం ఆపకుండానే. "మనకాడ పెడితె బుక్కు మొయ్యనీకి ఎడ్లబండి గావాలె."

స్రవంతికి డిగ్రీ పాఠం గుర్తుకొచ్చింది. అమెరికా ప్రభుత్వం, ఒత్తిడి వర్గాలు, పది మార్కుల ప్రశ్న. 'ప్రజల కోర్కెలను ప్రభుత్వానికి చేరవేసే వారధులు' అని రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకుంది. ఆ వారధి మీద ఎవరు నడుస్తారో అప్పుడు ఆలోచించలేదు.

"అవతల ఎవరున్నరు సార్?" అని అడిగింది. "సుంకం ఉండాలనేటోళ్లు."

శ్రీనాథ్ ఆమె వైపు తిరిగాడు. "అక్కడి బట్టల మిల్లుల సంఘం. వాళ్లకు ఇలా తిరిగేవాళ్లు నలుగురున్నారు. ఇరవై ఏళ్లుగా అవే ఆఫీసులకు తిరుగుతున్నారు. మా తరఫు ఆవిడ లోపలికి వెళ్లేసరికి వాళ్లు కాఫీ తాగి బయటికొస్తుంటారు. చేనేత పేరుకే, ఇండియాలో అన్నీ కరెంటు మీద నడిచేవేనని చెప్తున్నారు. దానికి మనం జవాబివ్వాలి."

"మామూలు మనుషులు ఆ సర్కారుకు రాసుకోవచ్చా?"

"రాయొచ్చు. సుంకాల శాఖ వెబ్‌సైట్‌లో ఏ దేశం వాళ్లైనా రాయొచ్చు. వేలల్లో వస్తాయి, ఎవరు చదువుతారు చెప్పండి? అందుకే మనిషిని పంపేది." అతను సంచి దగ్గరకు లాక్కున్నాడు. "మాకు మూడు నిమిషాల వీడియో కావాలి. మగ్గం మీద మీ నాన్నగారు, పక్కన మీరు. మీకు ఇంగ్లీషు వచ్చని రాఘవేంద్ర గారు చెప్పారు. ఆవిడ దాన్ని ఆ ఆఫీసుల్లో చూపిస్తుంది."

మగ్గం ఎక్కడ నుంచి బాగా కనపడుతుందో చూడటానికి అతను లేచి గుంట అంచుకు వచ్చాడు. లోపలికి వంగి ఆగాడు. గుంటలో కుడివైపు చెంబంత మోటరు ఉంది. దాన్నుంచి ఒక తాడు పైన జాకార్డు పెట్టె దాకా పోయింది.

"ఇదేంటి?"

"మోకాళ్లు పొయినయ్ సార్," అన్నాడు సత్తయ్య. "అంచుల పువ్వు రావాల్నంటె పై పెట్టె లేవాలె. పెట్టె లేవాల్నంటె పొద్దుగూకెదాక తొక్కాలె. ముప్పై ఏండ్లు తొక్కిన. ఇగ తొక్కితె లేవవని కర్నూలు దవాఖానల చెప్పిన్రు. దీన్ని పెట్టుకున్నంక కాలి బొటనేలు ఆనిస్తె చాలు, పెట్టె అదే లేస్తది. నేత నాదే. లేపుడొక్కటే దానిది."

"నాకు అర్థమైంది అంకుల్," అన్నాడు శ్రీనాథ్. నిజంగానే అర్థమైనట్టు ఒక క్షణం ఆగాడు. "మూడు నిమిషాల్లో వాళ్లకు అర్థం కాదు. రేపు ఆ కాసేపు ఇది లేకుండా నేయగలరా?"

సత్తయ్య గుంటలోకి చూశాడు. మూలకు నెట్టేసిన పాత తొక్కుడు చెక్క అక్కడే ఉంది, సాలీడు గూడు పట్టి.

"నేస్తడు సార్," అంది స్రవంతి.

*

మరునాడు పొద్దున్నే ఆమె గుంటలోకి దిగి తీగ పీకేసింది. తొక్కుడు చెక్క తుడిచి పెట్టె తాడు దానికి కట్టింది. మోటరు మీద గోనెపట్ట కప్పి, దాని మీద నూలు చిలపలు రెండు వేసింది. పైకొచ్చి కెమెరా పెట్టే చోట నిలబడి చూసింది. ఏమీ కనపడలేదు.

సత్తయ్య గుంటలోకి దిగి చెక్క మీద పాదం పెట్టాడు. కళ్లు మూసుకుని బరువంతా దాని మీద వేశాడు. పైన పెట్టె కిర్రుమని లేచింది. నడిమి నాడె పోయింది. స్రవంతి చెయ్యి తనంతట తానే అంచు నాడెను పంపింది. పోగును బిగించే పలక వచ్చి కొట్టింది. యాభై రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు. మల్లమ్మ రాట్నం పిడి పట్టుకుని అలాగే ఉండిపోయింది. స్రవంతి కెమెరా, శ్రీనాథ్, వాషింగ్టన్ అన్నీ మరిచిపోయింది. అంచులో పిందె ముచ్చిక ఒక్కో పోగుగా పైకి వస్తోంది.

చప్పుడు విని వీధి చివరి ఇంటి సౌందర్య గుమ్మం దాకా వచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిన మనిషి. తలుపు రెక్క పట్టుకుని నిలబడి, "సురువాయెనా నేత? ఆర్డరొచ్చెనా?" అని అడిగింది. ముఖం వెలిగిపోతోంది.

"లేదు, వీడియో తీస్తున్నరు," అంది మల్లమ్మ.

"ఓ," అంది సౌందర్య. అయినా వెళ్లలేదు. చప్పుడు ఆగేదాకా విని, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

వెలుతురు సరిపోలేదని ఒకసారి, కుక్క మొరిగిందని ఒకసారి, మొత్తం నాలుగుసార్లు నేయించాడు శ్రీనాథ్. మూడోసారికే సత్తయ్య ఎడమచేయి గుంట గట్టును గట్టిగా పట్టుకోవడం స్రవంతి చూసింది. చూసి, తలవంచి అంచు నాడె పంపింది.

మాట్లాడే వంతు వచ్చినప్పుడు సత్తయ్య తన తండ్రి గురించి, రంగుల గురించి, మోకాళ్ల గురించి, మోటరు గురించి కూడా చెప్పాడు. అతనికి దాచడం రాదు. స్రవంతి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మోటరు దగ్గర ఆగింది. శ్రీనాథ్ ఆమె ముఖం వైపు చూశాడు, అంతే. ఆమె కెమెరా వైపు తిరిగి, మోటరు మాట వదిలేసి, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. "మా మగ్గంలో బువ్వ తినని చెయ్యి లేదు. బువ్వ తినని కాలు లేదు."

శ్రీనాథ్ కెమెరా వెనక నుంచి తలెత్తాడు. "ఇంకొక్కసారి చెప్పండి," అన్నాడు. చెప్పింది. "ఇది చాలు. ఇది అక్కడ నిలబడుతుంది."

వాళ్లు వెళ్లాక సత్తయ్య గుంటలోంచి లేవలేకపోయాడు. తల్లీ కూతురూ చెరో చంక కింద చెయ్యి వేసి పైకి లాగారు. చాప మీద పడుకుని, ఉబ్బిన మోకాలి మీద వేడి ఇసుక మూట పెట్టించుకుంటూ, "మంచిగొచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది నాయినా."

"పాత చప్పుడే," అన్నాడు. "మోటరు మీద ఆ చప్పుడు రాదు."

*

దసరా వెళ్లిన వారానికి ఒక పొద్దున రాఘవేంద్ర పరుగులాంటి నడకతో వచ్చాడు. "బిడ్డా, నీ మాట వాషింగ్టన్ల అచ్చైంది పో," అంటూ ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

ఇంగ్లీషు కాగితం. సుంకాల శాఖకు వాళ్ల సంఘం పెట్టిన విన్నపం. అన్నిటికన్నా పైన, వాలు అక్షరాల్లో, ఆమె చెప్పిన రెండు వాక్యాలు. స్రవంతి వేలితో వాటి కింద గీత గీసినట్టు తడిమింది. మంచులో నిలబడ్డ ఆ మనిషి దాకా ఒక మాట పోయినట్టే అనిపించింది. కింద పేరు కోసం చూసింది. 'గద్వాలలో ఒక నేతగాని కూతురు' అని ఉంది. సరే అనుకుంది. మిగతాది చదవసాగింది.

రెండో పేజీలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. సుంకం మినహాయింపు ఏ గుడ్డకు అడుగుతున్నారో అక్కడ ఉంది. చేతి దగ్గర గానీ కాలి దగ్గర గానీ కరెంటు మోటరు ఏదీ లేని మగ్గం మీద నేసిన గుడ్డకు. ప్రతి మగ్గానికీ ఫోటో ఉండాలి, ఆ ఫోటో సంఘం దగ్గర నమోదు కావాలి.

"అన్నా, గిదేంది? కాలి దగ్గర గూడ అని రాసిన్రు."

"అదే గదా అసలు సంగతి. గా ముక్క రాస్తె మేం అడ్డం రామని మిల్లులోళ్లు ఒప్పుకున్నరంట. నీ వీడియో చూసినంకనే. బువ్వ తినని కాలు లేదంటున్నరు గదా, అదే రాయున్రి మరి, అన్నరంట. మనోళ్లు సరే అన్నరు. రెండు దిక్కులోళ్లు ఒక్కటైతె సర్కారుకు సంతకం పెట్టనీకి ఏం బాధ అంటుండు శ్రీనాథ్ సార్."

"మరి మోటర్లున్నోళ్లు?"

"తొమ్మిది మగ్గాలున్నయ్. తీసేసినోళ్లు ఉంటరు. తియ్యనోళ్లు ఇంకేదన్న చూసుకుంటరు. తొమ్మిదింటి కోసం మిగిలిన పదమూడు పండవెడ్తమా?" రాఘవేంద్ర గొంతు తగ్గించాడు. "ఇంకొకటి. ఫోటోలు తీసి ఇంగ్లీషుల నింపి పంపనీకి సంఘానికి ఈడ ఒక మనిషి గావాలె. నీ పేరు చెప్పిన. అన్ని ఇండ్లు తిరిగి ఫోటోలు తీస్కరా."

అతను వెళ్లాక సత్తయ్య గోడ పట్టుకుని లేచి, మేకుకు వేలాడుతున్న పానా తీశాడు.

"తీసేద్దాం తియ్యి," అన్నాడు.

మల్లమ్మ రాట్నం ఆగింది. "కాళ్లెవరియి? నీయా, వాషింగ్టనోళ్లయా?"

"మగ్గం ఆడుతది గదనే," అన్నాడు సత్తయ్య. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలోకి చూడలేక స్రవంతి ఫోను తీసుకుని బయటికి నడిచింది.

*

మధ్యాహ్నానికి పది ఇళ్లు తిరిగింది. రాఘవేంద్ర కబురు ఆమె కంటే ముందే చేరింది. మోటర్లున్న రెండు ఇళ్లలో అప్పటికే బోల్టులు విప్పుతున్నారు. "నువ్వు మాట్లాడవట్టి పని వస్తుంది బిడ్డా," అని ఒక ముసలామె బెల్లం ముక్క చేతిలో పెట్టింది. అది నోట్లో వేసుకోలేక, పారేయలేక స్రవంతి పిడికిట్లోనే పట్టుకు తిరిగింది.

సౌందర్యకు కబురు అందలేదు. ఫోటోలు తీస్తున్నారని మాత్రం ఎవరో చెప్పినట్టున్నారు. ఇస్త్రీ చీర కట్టుకుని మగ్గం దగ్గర కూర్చుని ఉంది. దసరా పూజకు మోటరుకు పెట్టిన పసుపూ కుంకుమా అలాగే ఉన్నాయి. చుట్టూ కొత్తగా మరో బంతిపూల దండ వేసింది. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా ఆ మనిషి ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టింది. మోటరు వచ్చాకే, రెండేళ్ల కింద, మొదటిసారి గుంటలో కూర్చుంది. ఆమె ముసలి తల్లి ఎడమ పక్కన కూర్చుని అంచు నాడె పంపేది.

"రా," అంది సౌందర్య. "మోటరు మంచిగ కనవడెటట్టు తియ్యి. తుడిచిపెట్టిన."

స్రవంతి ఫోను ఎత్తలేదు. గుంట గట్టు మీద కూర్చుని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సౌందర్య మధ్యలో మాట్లాడకుండా విన్నది. విన్నాక నేసిన గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది, అచ్చం సత్తయ్యలాగే.

"అయితె నేను నేసింది చేతినేత గాదా?"

"నీ చేతిదే అక్కా."

"నీకెర్క, నాకెర్క. కాలికాడ మోటరుంటె చేతిది గాదని వాళ్లకెవరు చెప్పిన్రు?"

వాకిట్లో కోడిపుంజు రెండుసార్లు కూసింది. "నేనే చెప్పిన," అంది స్రవంతి. ఆ రెండు వాక్యాలూ తెలుగులో చెప్పింది. గోనెపట్ట సంగతీ చెప్పింది.

సౌందర్య ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూసినట్టు ఒకసారి తనలో అనుకుంది. "మాట మంచిగున్నది," అంది. "గీ కాలు సూడు, బువ్వ తినేదే ఇది. తిని ఏం జేసింది? ముప్పై ఆరేండ్లు ఊకె కూసున్నది. బువ్వ తినని కాలే నన్ను నేతగత్తెను జేసింది."

స్రవంతి తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

"ఏడ్వకు," అంది సౌందర్య కొంచెం విసుగ్గా. "నన్నడగకుండ చెప్పినవ్. ఇప్పుడు అడిగి చెప్పు. ఫోను పట్టు." చీర కుచ్చిళ్లు పక్కకు జరిపి, సన్నబడిన కాలు కనపడేలా పెట్టి, కుడికాలి బొటనవేలు మీట మీద ఆనించింది. మోటరు గుర్రుమంది. పెట్టె లేచింది. తల్లి అంచు నాడె పంపుతుంటే, నేస్తూ మాట్లాడింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

*

స్రవంతి పంపిన ఆ వీడియో చూశాక శ్రీనాథే ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు. "ఆవిడ చెప్పింది నిజం స్రవంతి గారు. నేను కాదనను. కానీ ఆ ఒక్క మాట మీదే వాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు మేమే దీన్ని చూపిస్తే మిల్లులవాళ్లు రేపే వెనక్కి తిరుగుతారు. మీ పదమూడు మగ్గాలూ ఇలాగే ఆగి ఉంటాయి. దయచేసి దీన్ని ఎవరికీ పంపకండి."

"జనం రాసుకునే వెబ్‌సైటని చెప్తిరి గదా సార్. ఎప్పటిదాక రాయొచ్చు?"

"శుక్రవారం దాకా," అన్నాడు శ్రీనాథ్. "ఎవరూ చదవరు. మీ పేరు మాత్రం మా సంఘం కాగితాల్లోంచి పోతుంది. మీ నాన్నగారి మగ్గం కూడా. ఆలోచించుకోండి."

అది గురువారం. ఆమె ఇంట్లోకి వెళ్లేసరికి సత్తయ్య గుంట గట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాచి బోల్టులు విప్పుతున్నాడు. నాలుగింట్లో రెండు వచ్చేశాయి. స్రవంతి గుంటలోకి దిగి, తొక్కుడు చెక్క మీద కూర్చుని, జరిగిందంతా చెప్పింది.

"పంపితె మన మగ్గం పోతదా?"

"పోతది. నాకిస్తమన్న పని గూడ పోతది."

"ఆ పదమూడు మగ్గాలకు దెబ్బ తాకుతదా?"

"తెల్వదు నాయినా. ఎవరు చదవరంటుండు సార్. చదవకపోతె ఏం గాదు. చదివితె మాత్రం తాకొచ్చు." ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుంది. "ఆ మాట తియ్యమని రాస్తలేను. కాలికాడ మోటరున్నదాన్ని గూడ కలుపున్రి అని రాస్త. అయినా తెల్వదు."

మల్లమ్మ గడపలో నిలబడి వింటోంది. సత్తయ్య చేతిలోని బోల్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. మగ్గం వైపు చూశాడు. పడుగు మీద చూపు చాలాసేపు ఆగింది. ఎంత ఇష్టంగా చూశాడంటే, అతను వద్దంటాడనే స్రవంతి అనుకుంది. వద్దంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకుంది.

"పట్టు," అని బోల్టు ఆమె చేతికిచ్చాడు. "నేను వంగలేను. నువ్వే బిగియ్యి."

ఆమె రెండు బోల్టులూ బిగించి పైకి వచ్చింది. సత్తయ్య గోడకు ఆనుకుని కూర్చుని లుంగీ తొడల దాకా జరుపుకున్నాడు. రెండు మోకాళ్లూ రెండు తీర్లుగా ఉన్నాయి, ఎడమది ఇంకా వాచే ఉంది. "ఇది గూడ తియ్యి ఫోటో," అన్నాడు. "సౌందర్య ఒక్కతే ఎందుకు చూపియ్యాలె కాళ్లు."

స్రవంతి ఇంగ్లీషులో రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. 'ముందు చెప్పింది నేను. సగమే చెప్పాను,' అని మొదలుపెట్టింది. సౌందర్య చెప్పిన మాటలు సౌందర్య పేరు కిందే రాసింది. తండ్రి పేరు, తన పేరు, వీధి పేరు రాసింది. సౌందర్య వీడియో, తండ్రి మోకాళ్ల ఫోటో జతచేసింది. 'ఏ సంఘం తరఫున' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే ఆ పేజీ ముందుకు కదల్లేదు. తండ్రి వైపు చూసి, తొమ్మిది మగ్గాలు అని నింపింది. తర్వాత ఫోను కింద పెట్టి, లేచి, మోటర్లున్న మిగతా ఏడిళ్లూ తిరిగింది. ఐదిళ్లవాళ్లు సరేనన్నారు. రెండిళ్లలో అప్పటికే మోటరు విప్పేశారు, తమ పేరు వద్దన్నారు. తిరిగొచ్చి తొమ్మిది చెరిపి ఏడు అని రాసి పంపింది.

తెర మీద రసీదుగా ఒక పొడుగాటి అంకె వచ్చింది.

"ఏమన్నరు?" అంది మల్లమ్మ.

"చేరిందన్నరు. చూస్తమన్నరు."

"ఈడోళ్లు గూడ గదే అంటరు," అని మల్లమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

*

రాఘవేంద్ర తిట్టలేదు. శనివారం వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఒక్క మాట నాకు చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు. మిగిలిన పట్టు తిరిగి తీసుకున్నాడు. చెప్పులేసుకుంటూ, "కాకా, మోకాలికి ఆముదం పెట్టు," అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సత్తయ్య కత్తెర తీసుకుని స్టోల్ గుడ్డను కోసేశాడు. ఆలస్యమైనా సరే అని, వరసలో ఆఖరివాడిగానైనా సరే అని, ఇంకో ఆసామి దగ్గర చీర పని ఒప్పుకుని కొత్త పడుగు తెచ్చుకున్నాడు. సోమవారం పొద్దున దాన్ని అతకడానికి కూర్చున్నారు. మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద రాసుకుని మెలేయాలి. వేల పోగులు, రెండు రోజుల పని. కాళ్లతో పని లేదు. వేళ్లుంటే చాలు. ఎవరూ పిలవకుండానే సౌందర్య వచ్చి స్రవంతి పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె వేళ్లు అందరికంటే చురుకు. చిన్నప్పటి నుంచి చేసిన పని.

సత్తయ్య ఆ చివర, వాళ్లిద్దరూ ఈ చివర. నడుమ నూలు మీద పొద్దుటి ఎండ పడుతోంది. స్రవంతి పక్కనున్న ఫోను మీదకు మధ్యమధ్యలో వంగి చూస్తోంది. బూడిద చేత్తో తాకడానికి వీల్లేక మోచేతితో తెర వెలిగిస్తోంది.

"చూసిన్రా?" అంది సౌందర్య పోగు మీంచి కళ్లెత్తకుండా.

"ఇంక లేదక్కా."

ఇంకో పది పోగులు అయ్యాయి. "ఇప్పుడు?"

"ఆడ ఇప్పుడు రాత్రక్కా. అందరు పండుకొని ఉంటరు."

సౌందర్య మెలేసిన పోగును వదిలి, ఇంకోటి అందుకుని, కొస దొరికేదాకా వేళ్ల మధ్య నలిపింది.

"పండుకోనీ," అంది. "తెల్లారకుంట ఏడికి పోతది."